మా ఇంట్లో చచ్చిపోయిన హీరోయిన్లు

నేనొక వారపత్రికకు సినిమాల మీద రాస్తాను. ఆ వారం చూసిన సినిమా ఎట్లా ఏడ్చిందో నాలుగు ముక్కలు, దాని కింద, ఆ మూడు గంటలూ ఇంట్లోనే కూర్చుని చదువుకోదగ్గ పుస్తకం ఒకటి. మొన్న ఆ పత్రికలో పనిచేసే అబ్బాయి ఇంటికొచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా ఉంది, అంటే ఏదో అడగడానికే వచ్చాడని అర్థమైపోయింది. "మేడమ్, మీరు కొంచెం మెత్తగా రాస్తే బాగుంటుంది" అన్నాడు. పోయిన వారం నేను రాసిందేమిటంటే, సినిమా పొడుగునా గొడ్డలి భుజాన వేసుకుని తిరిగిన హీరో ఒక్క కట్టె కూడా కొట్టలేదు, ఆ గొడ్డలేదో మా పనమ్మాయికిస్తే పొయ్యిలోకైనా పనికొచ్చేదని. అంతకు ముందు వారం, పసుపు పండించే రైతు కొడుకుగా వేసినవాడి గోళ్లకు పసుపు కాదు గదా మట్టి కూడా అంటలేదని, వాడు రైతు అయితే నేను పైల్వాన్నని రాశాను. ఇందులో అబద్ధమేముంది? సరే, మెత్తగానే రాద్దాంలే అన్నాను, రాయనని ఇద్దరికీ తెలుసు. "ఇంకోటి మేడమ్, దయచేసి ముగింపు మాత్రం చెప్పెయ్యకండి, జనం బాధపడుతున్నారు" అన్నాడు. తల్లి చచ్చిపోయాక కొడుక్కి బుద్ధొచ్చే సినిమాకు, తల్లి చచ్చిపోతుంది, కొడుక్కి బుద్ధొస్తుంది, మనకు నిద్రొస్తుంది అని రాశానట. టీ ఇచ్చి పంపించాను. తలుపేసుకున్నాక నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలో ఉండగానే అవ్వ గుర్తొచ్చింది.

మాది బోధన్. మా దిక్కు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. బాపు చక్కెర ఫ్యాక్టరీ లాబొరేటరీలో పనిచేసేవాడు. గానుగలోంచి వచ్చిన చెరుకు రసాన్ని గాజు గొట్టంలో పోసి, వెలుతురుకు పట్టి, అందులో తీపి ఎంతుందో చెప్పడం ఆయన పని. రోజంతా రసం రుచి కట్టే మనిషికి ఇంట్లో ఏదీ రుచించేది కాదు. అవ్వ కాల్చిన జొన్న రొట్టెను వెలుతురుకు పట్టి చూసేవాడు, నిజంగానే, అట్లా పైకెత్తి. చెరుకు ఆడే సీజన్ మొదలైతే మేముండే ఫ్యాక్టరీ క్వార్టర్ల మీదంతా చెరుకు మడ్డి వాసన పరుచుకునేది, తియ్యగా మొదలై సాయంత్రానికి కడుపులో తిప్పే వాసన. పొగ గొట్టంలోంచి రాలే మసి ఆరేసిన బట్టల మీద పడేది, అందుకని చెరుకు ఆడినన్నాళ్లూ అవ్వ లేత రంగు చీర కట్టేది కాదు. పొద్దున్నే లేచి వాకిట్లో మసి ఊడ్చేది, నీళ్లు చల్లేది, మళ్లీ మధ్యాహ్నం ఊడ్చేది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది చీపురు చప్పుడే.

కొత్త సినిమా వచ్చిందంటే బోధన్‌లో ఎడ్లబండికి రెండు పక్కలా బొమ్మల తడికెలు కట్టి, డప్పు కొట్టుకుంటూ తిప్పేవాళ్లు. ఆ డప్పు వినగానే క్వార్టర్లలోని ఆడవాళ్లంతా చేతిలో పని చేతిలో పెట్టుకునే గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్లు. నిలబడటమే, పోవడం లేదు. టాకీసులో ఆడవాళ్లకు తెర కట్టిన జనానా ఉండేది గానీ, మా క్వార్టర్ల వరసలో ఇంటి మగవాడు ముందు చూసొచ్చి సరే అంటే తప్ప ఆడది గడప దాటేది కాదు. మిగతా మగవాళ్లు చూసొచ్చి నోరు మూసుకుని పడుకునేవాళ్లు. బాపు ఒక్కడే చూసొచ్చి చెప్పేవాడు. సినిమా చెప్పడమంటే కథ చెప్పడం కాదు. ఆదివారం పొద్దుగూకే వేళకు మా అరుగు మీద గడంచె, అదే చెక్క మంచం, వేసుకుని, తమలపాకు నోట్లో పెట్టుకుని, హీరోను, విలన్‌ను, హీరోయిన్‌ను, వాళ్ల ముసలి తండ్రిని, కుక్కను కూడా తానే ఆడి చూపించేవాడు. పక్కింటి గంగవ్వ పిల్లను చంకలో వేసుకుని అందరికంటే ముందొచ్చి మెట్టు మీద కూర్చునేది. "అన్నా, షురూ చెయ్" అనేది. వరసలోని ఆడవాళ్లందరూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, బియ్యంలో రాళ్లేరుతూ, అట్లా కూర్చునేవాళ్లు. దాన్ని వాళ్లు చెప్పుడు సినిమా అనేవాళ్లు.

ఎంత బాగా చెప్పేవాడో! అది ఒప్పుకోకపోతే నా నోరు పడిపోతుంది. ఎంత కడుపు మండినా, నేను ఈ రోజు నాలుగు ముక్కలు పదునుగా రాస్తున్నానంటే ఆ గడంచె దగ్గర నేర్చుకున్నదే. "హీరోకు ఏడుపొచ్చిందా, తుమ్మొచ్చిందా నాకు సమజ్ గాలే. ఆయన మొకం గట్ల వెట్టంగనే నా ముంగట కూసున్నోడు రుమాలు తీసి అడ్డం పెట్టుకుండు" అనేవాడు. ఒక పౌరాణికం చూసొచ్చి, "స్వర్గమంట. మన గోదాం లెక్కనే ఉన్నది, గోనె సంచులొక్కటే తక్కువ" అన్నాడు. ఒక హీరోయిన్ గురించి, "ఆమె పాట పాడుతుంటే చెట్టు మీద పిట్టలన్నీ లేచి మహారాష్ట్రకు పోయినయ్" అన్నాడు, ఆడవాళ్లు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. ఆఖరున తీర్పు ఎప్పుడూ ఒకటే. చేతులు దులుపుకుని, "ఎంత పిండినా పిప్పే. సుక్క రసం లేదు" అనేవాడు. బాగున్న సినిమా ఒక్కటి కూడా ఆయన కంట్లో పడలేదు. అయినా ప్రతి సినిమాకూ పోయేవాడు.

గుమ్మంలో తలుపు చెక్కకు ఆనుకుని అవ్వ నిలబడి వినేది. అందరూ లేచి పోయాక, పళ్లెంలో అన్నం పెడుతూ మెల్లగా అడిగేది. "గీ సినిమాకు నన్ను గూడ తోల్కపోరాదు?" బాపు కోప్పడేవాడు కాదు. అదే నాకు ఎక్కువ కోపం. నవ్వి, ముద్ద కలుపుకుంటూ, "నేను సూసిన గద. నా కండ్లు నీ కండ్లు వేరేనా?" అనేవాడు. ఆ మాట మా ఇంట్లో ఉప్పు, పప్పు అన్నంత మామూలుగా వినబడేది. పెళ్లయి, నేను పుట్టి ఇంత పిల్లనయ్యాక కూడా అవ్వ ఒక్క సినిమా చూడలేదు. ఆమెకు కోరిక లేక కాదు. డప్పు బండి పోయాక కూడా చాలాసేపు గుమ్మంలోనే ఉండేది, రోడ్డు మీద ఏమీ లేకపోయినా చూస్తూ. ఒక్క సినిమా, తన కళ్లతో, మొదటి నుంచి చివరి దాకా. ఆమె ఈ లోకాన్ని అడిగింది అంతే. నగ అడగలేదు, పట్టుచీర అడగలేదు.

బాపు చెప్పిన సినిమాల్లో నేను చిన్నప్పుడే ఒకటి కనిపెట్టాను గానీ దాని అర్థం తెలియలేదు. ఇల్లు విడిచి గడప దాటిన హీరోయిన్ బతికేది కాదు. మొగుడితో పోట్లాడి వెళ్లిపోయిందా, బావిలో పడేది. పుట్టింటికి బయల్దేరిందా, దారిలో పాము కరిచేది. ఉద్యోగం చేస్తానందా, క్షయ వచ్చి రక్తం కక్కుకునేది. ఓర్చుకుని ఇంట్లో పడి ఉన్నదానికి మాత్రం చివర్న పువ్వులు, పసుపు కుంకుమలు. ఇందుకు కారణం తర్వాత గంగవ్వ నోట విన్నాను. అవ్వ పుట్టిల్లు ధర్మాబాద్. భాషల వారీగా రాష్ట్రాలను విడదీసినప్పుడు గోదావరికి అవతల అది మరాఠీ రాష్ట్రంలో పడింది, ఇవతల మేం ఆంధ్రప్రదేశ్‌లో పడ్డాం. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు బాపు ఏదో కూర బాగాలేదని గిన్నె మొహాన కొడితే అవ్వ నన్ను ఎత్తుకుని పుట్టింటికి పోయిందట. తాత మర్నాడే తీసుకొచ్చి దింపి, అల్లుడి చేతులు పట్టుకుని క్షమించమన్నాడట. తప్పు గిన్నెది కూడా కాదు, మా అవ్వదే అయింది. ఆ తర్వాత బాపు ఎప్పుడూ చెయ్యెత్తలేదు. అరుగు మీద కూర్చుని ఒక్కొక్క హీరోయిన్నే చంపుతూ వచ్చాడు.

ఫ్యాక్టరీ గేటుకు కొంచెం దూరంలో ఒక రీడింగ్ రూం ఉండేది. దాన్ని చూసుకునే దేవదానం సారు మెథడిస్టు చర్చికి పోయే మనిషి. సినిమా చూడటం పాపమని వాళ్ల చర్చిలో చెప్పారట, అందుకని జన్మలో టాకీసు గుమ్మం తొక్కలేదు. కానీ ఏ సినిమాలో ఏ కథో మాత్రం ఆయనకు కావాలి. చూసొచ్చిన వాళ్లను కూర్చోబెట్టి కథ చెప్పించుకుని, "అయితే గిది చదువుండ్రి" అని బీరువాలోంచి ఒక పుస్తకం తీసిచ్చేవాడు. వేశ్య కథ సినిమాకు ఒక బెంగాలీ అనువాదం, దొంగల సినిమాకు ఒక డిటెక్టివ్ నవల, పౌరాణికానికి లావుపాటి పురాణం. ఇప్పుడు నేను పత్రికలో చేస్తున్న పని ఆయనది, నేను కాపీ కొడుతున్నాను. ఆయన ఇచ్చిన ప్రతి పుస్తకాన్నీ బాపు చంకలో పెట్టుకుని, అందరికీ కనబడేట్టు బజారులోంచి నడిచి ఇంటికి తెచ్చేవాడు. "సినిమా పిప్పి, గిది రసం. సదువు" అని అవ్వ ముందు పడేసేవాడు. అవ్వ చదువుకున్నది మరాఠీ. తెలుగు అక్షరం ఆమెకు రాదు. అది తెలిసే పడేసేవాడు. ఇక బాపు సంగతి అంటారా, అట్ట మీద బొమ్మ చూసి, చేత్తో బరువు చూసి మెచ్చుకోవడమే తప్ప ఒక్క నవల కూడా విప్పి చదివిన పాపాన పోలేదు. ఆ ఒక్క బద్ధకమే ఆయన కొంప ముంచింది.

ఒక సీజన్‌లో ఒక సినిమా వచ్చింది. పేరు చెప్పను. మొగుడు నానా హింసలు పెడితే ఒకామె ఇనప పెట్టె పట్టుకుని ఇల్లు విడిచిపోతుంది. బాపు ఆ సినిమాను అందరికంటే బాగా చెప్పాడు. ఆ పెట్టె బరువుకు భుజం వంగడం, వెనక్కి తిరిగి ఇల్లు చూసుకోవడం, స్టేషన్‌లో ఒంటరిగా నిలబడటం, అన్నీ ఆడి చూపించాడు. బండి కూత కూడా నోటితోనే కూశాడు. ఆఖరుకు ఆమె రైలు కింద పడింది. పెట్టె పగిలి అందులోంచి మొగుడి ఫోటో ఎగిరి పట్టాల మీద పడిందన్నాడు. గంగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వరసంతా ఏడ్చింది. "పోయినదానికి గట్లనే అయితది" అని ఒకామె కళ్లు తుడుచుకుంటూ అంది. బాపు తమలపాకు ఉమ్మి, "ఎంత పిండినా పిప్పే" అన్నాడు. గుమ్మం వైపు మాత్రం చూడలేదు.

ఆ సినిమాను ఒక నవలలోంచి తీశారట. దేవదానం సారు ఆ నవలనే తీసిచ్చాడు. బాపు ఎప్పట్లానే తెచ్చి అవ్వ ముందు పడేశాడు. అప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను. మధ్యాహ్నాలు అవ్వ విసుర్రాయి తిప్పుతుంటే పక్కన కూర్చుని నేను పుస్తకం పైకి చదివి వినిపించడం మాకు అలవాటు. ఆ నవల రోజూ కొంచెం కొంచెం సాగింది. ఆమె పెట్టె పట్టుకుని స్టేషన్‌కు పోయే చోటికి రాగానే అవ్వ విసుర్రాయి ఆపింది. నేను చదువుతూ పోయాను. బండి వచ్చింది. ఆమె ఎక్కింది. ఇంకో ఊళ్లో దిగింది, పిల్లలకు చదువు చెప్పుకుంటూ బతికింది. ఎన్నో ఏళ్లకు మొగుడు వెతుక్కుంటూ వస్తే, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, తాగాక లేచి తలుపు చూపించింది. అయిపోయింది. అవ్వ పిండి చేతులు అట్లాగే పట్టుకుని, "మల్ల మీ బాపు సచ్చిపోయిందన్నడు?" అంది. "సినిమాల మార్చిండ్రేమో అవ్వా" అన్నాను. అవ్వ నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, తనకు రాని ఆ అక్షరాలను చివరి పేజీలో చాలాసేపు చూసింది. "నేను సూడాలె" అంది.

ఆ ఆదివారం బాపుకు పగటి డ్యూటీ పడింది. అవ్వ గంగవ్వను కూడా బయల్దేరదీసింది, నన్ను తీసుకుంది, మ్యాటినీకి పోయాం. గంగవ్వకు భయం. "వదినె, ఎవలన్న సూస్తే?" అని దారంతా గొణిగింది. "సూడనియ్, మనం గూడ సూసెతందుకే పోతున్నం" అంది అవ్వ. జనానాలో తెర దించి ఉంది, బొమ్మ మొదలయ్యాక పక్కకు లాగారు. చంటిపిల్లల ఏడుపు, మిర్చిబజ్జీల నూనె వాసన, కాళ్ల కింద వేరుశెనగ పొట్టు. అవ్వ బల్ల అంచున కూర్చుంది, వెనక్కి వాలలేదు, ఇంటర్వెల్‌లో లేవలేదు. నేను సినిమా తక్కువ చూశాను, ఆమెను ఎక్కువ చూశాను. నవలలో ఉన్నట్టే అయింది. స్టేషన్, పెట్టె, కూత. హీరోయిన్ పట్టాల మీదికి దూకుతుందని గంగవ్వ ముందే కళ్లు మూసుకుంది. ఆమె దూకలేదు. బండెక్కి, కిటికీ దగ్గర కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది. "గంగా, కండ్లు తెరువు. బతికే ఉన్నది" అంది అవ్వ. బయటికొచ్చాక ఎండలో నిలబడి మళ్లీ అదే అంది, ఈసారి ఎవరితోనూ కాదు. అంత అందంగా మా అవ్వ నాకు మళ్లీ ఎప్పుడూ కనబడలేదు.

ఆమె ఊరుకుంటే బాగుండేది అనుకునేవాళ్లుంటారు. నేననుకోను. ఆ మరుసటి ఆదివారానికి కొత్త సినిమా రాలేదు. ఆడవాళ్లు, ఆ రైలు సినిమానే మళ్లీ చెప్పమని బాపును బతిమిలాడారు. గంగవ్వ ఒక్కతే తల వంచుకుని కూర్చుంది. బాపు ఇంకా రెచ్చిపోయి చెప్పాడు. పెట్టె, స్టేషన్, కూత. అందరూ కొంగులు తీశారు. ఆయన దూకడానికి గడంచె మీద లేచి నిలబడ్డాడు. అప్పుడు అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టి, "రైలు కింద వడలే. రైలెక్కింది" అంది. బాపు అట్లా గడంచె మీద నిలబడే ఉన్నాడు. "ఎవలు సెప్పిండ్రు నీకు?" అన్నాడు. "నేను సూసిన. గిప్పటిదాంక నువ్వు సంపినోళ్లల్ల ఎందరు బతికున్నరో గది గూడ సూడాలె" అంది. బాపు కిందికి దిగి, నీళ్లు పుక్కిలించి ఉమ్మి, నవ్వాడు. "రైలు శానా నచ్చినట్టున్నది" అన్నాడు.

తెల్లారి ఆమె బట్టలు ఆయనే ఇనప పెట్టెలో సర్దాడు. సినిమాలో లాంటి పెట్టే, మా ఇంట్లో ఒకటి ఉండేది. రిక్షా పిలిపించి, అవ్వను ఎక్కించి, నన్ను కూడా స్టేషన్‌కు రమ్మన్నాడు. చూడాలట. జానకంపేటలో బండి మారమని ఎంతో మర్యాదగా చెప్పి, పెట్టె లోపల పెట్టి, "ఎక్కు. ఆమె ఎక్కలే? నువ్వు గూడ ఎక్కు. అక్కడ బడి పెట్టుకో" అన్నాడు. అవ్వ ఎక్కింది. నా వైపు చూసింది, నన్ను రమ్మనలేదు, ఎందుకంటే బాపు నా జబ్బ పట్టుకుని ఉన్నాడు. కిటికీ దగ్గర కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకోలేదు. ఆ సీజనంతా నేను వండాను, నేను మసి ఊడ్చాను, నా రొట్టెలను ఆయన వెలుతురుకు పట్టి చూశాడు. ఇక క్వార్టర్లలోని ఆడవాళ్ల సంగతి చెప్పాలి. అవ్వ పోయినందుకు వాళ్లెవరూ ఏడవలేదు. ఆదివారాలు అరుగు ఖాళీ అయిందని ఏడ్చారు. "మీ అవ్వకు నోరు ఊకుండదు, మా సినిమా పోగొట్టింది" అని నా మొహం మీదే అన్నారు. కళ్లారా చూసిన గంగవ్వ కూడా నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఇన్నేళ్లయినా వాళ్లను క్షమించడానికి నాకు మనసు రాదు, నేను ప్రయత్నించను కూడా.

ఎండాకాలం మొదట్లో తాత మళ్లీ తీసుకొచ్చాడు. ధర్మాబాద్‌లో బడీ లేదు, ఏమీ లేదు, అన్నదమ్ముల పెళ్లాల కింద చాకిరీ ఉంది. అప్పుడు బాపు అన్నం తింటున్నాడు. అవ్వను గుమ్మంలో పెట్టెతో నిలబెట్టి, ముద్ద ముద్దా తిని, చల్ల పోసుకుని, చెయ్యి కడుక్కుని, తమలపాకుకు సున్నం రాసుకుని, అప్పుడు "రా" అన్నాడు. తాత ఈసారి చేతులు కాదు, కాళ్లు పట్టుకున్నాడు. అవ్వ పెట్టె లోపల పెట్టి, చీపురు తీసుకుని వాకిట్లోకి పోయింది. ఆ తర్వాత మా అరుగు మీద చెప్పుడు సినిమా జరగలేదు. బాపు ఒక్కడే చూసొచ్చేవాడు, మాట్లాడేవాడు కాదు. అవ్వ అడగలేదు. దేవదానం సారు మాత్రం అన్నేళ్లూ నాకు పుస్తకాలిస్తూనే ఉన్నాడు, నేను అవ్వకు చదువుతూనే ఉన్నాను, విసుర్రాయి మాత్రం మళ్లీ ఆగలేదు.

నేను చదువు ముగించి నిజామాబాద్‌లో ఉద్యోగంలో చేరేనాటికి బాపుకు కళ్లు పోయాయి. నీటికాసులన్నారు డాక్టర్లు. ముందు పక్కలు పోయాయి, గుర్రానికి గంతలు కట్టినట్టు ఎదురుగా కొంచెం మిగిలింది, తర్వాత అదీ పోయింది. ఇద్దరినీ నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఆ ఊళ్లో టాకీసులు నడిచిపోయేంత దూరంలోనే. జనానా తెరలు ఎప్పుడో తీసేశారు. అవ్వ మొదటి శుక్రవారమే చీర మార్చుకుని చెప్పులేసుకుంది. "ఎటు వోతున్నవే?" అన్నాడు బాపు. "సినిమాకు" అంది. నేను ఆయన మొహం చూశాను, చేత్తో గడంచె అంచు తడుముకున్నాడు. ఆమె తిరిగొచ్చాక చాలాసేపు ఓర్చుకుని, "ఎట్లున్నది?" అని అడిగాడు. అవ్వ కాళ్లు కడుక్కుని వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, చెప్పింది. ఆయన చెప్పినట్టే చెప్పింది, అన్ని గొంతులతో. ఇన్నేళ్లు గుమ్మంలో నిలబడి ఆమె ఏం నేర్చుకుందో అప్పుడు తెలిసింది. బాపు పిల్లాడిలా ముందుకు వంగి విన్నాడు. "ఆఖరుకేమైంది?" అన్నాడు. "ఏముంటది. సచ్చిపోయింది" అంది అవ్వ.

అప్పటి నుంచి ప్రతి సినిమాలో చచ్చిపోయింది. పెళ్లితో ముగిసిన సినిమాలో పీటల మీద చచ్చిపోయింది. పిల్లల సినిమాలో బడికి పోతూ చచ్చిపోయింది. ఒకసారి బాపు, "గది కామెడీ సినిమా గాదే? రేడియోల జెప్పిండ్రు" అన్నాడు. "అవును. నవ్వి నవ్వి సచ్చింది" అంది. నాకు నవ్వాగలేదు, బాపు మొహం చూశాక కూడా ఆగలేదు. ఆయనకు తెలుసు. ఆమె చెప్పేది అబద్ధమని తెలుసు, ఎందుకు చెబుతోందో తెలుసు, తను పోయి చూసే దారి లేదనీ తెలుసు. ఒకరోజు అవ్వ ఇంట్లో లేనప్పుడు నన్ను పిలిచి, గొంతు తగ్గించి, "బిడ్డా, మొన్నటి సినిమాల ఆ పిల్ల నిజంగనే సచ్చిపోయిందా?" అన్నాడు. "నేను సూడలే బాపూ" అన్నాను. చూశాను. ఆ పిల్ల డాక్టరైంది.

ఇప్పుడు నా మనవరాలు ఫోన్లో సినిమా చూస్తుంది. నచ్చకపోతే ముందుకు తోసేస్తుంది, ఆఖరు ముందే చూసేసి, బాగుంటే మొదటికి వస్తుంది. ముగింపు చెప్పొద్దని వేడుకునే ఈ అబ్బాయిని చూస్తే, ముగింపంటే వీళ్లకు మిఠాయి డబ్బాలో చివరి ముక్క, ఎవరైనా ముందే తింటారేమోనని బెంగ. మా ఇంట్లో ఆడది రైలెక్కిందా, రైలు కింద పడిందా అన్నదాని మీద ఒక సంసారం మొత్తం నడిచింది. ఆ రోజుల్లో అన్నీ బాగుండేవని నేను చచ్చినా అనను. చెప్పుడు సినిమా బాగుండేది, చెప్పినవాడు బాగుండేవాడు కాదు. ఇప్పటి సినిమాలు అధ్వాన్నం, చూసే ఆడపిల్లలు మాత్రం టికెట్టు కొనుక్కుని తమ కళ్లతో చూస్తున్నారు. అందుకని సినిమాను చీల్చి చెండాడుతూ కూడా చివర్లో, పోయి చూసి నన్ను తిట్టండి అని రాస్తాను.

బాపు పోయే ముందు ఏడాది ఆ రైలు సినిమా మళ్లీ వచ్చింది. పాత సినిమాలను పొద్దుటాటకు వేసేవాళ్లు అప్పట్లో. రిక్షాకు మైకు కట్టి మా వీధిలోంచి పేరు అరుచుకుంటూ పోయారు. బాపు గడంచె మీద లేచి కూర్చున్నాడు. "ఇన్నవా?" అన్నాడు. అవ్వ వింది. చీర మార్చుకుని పోయింది. ఆమె వచ్చేదాకా ఆయన నీళ్లు కూడా తాగలేదు, వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు తల తిప్పాడు. ఆమె వచ్చి, కాళ్లు కడుక్కుని, పీట వేసుకుంది. పెట్టె చెప్పింది, స్టేషన్ చెప్పింది, కూత కూడా కూసింది, అచ్చం ఆయన కూసినట్టే. ఆ ఒక్క సినిమా ఆఖరు ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను, ఈసారి నిజం చెబుతుందనే అనుకున్నాను.

"రైలు కింద వడ్డది" అంది అవ్వ.

బాపు రెండు చేతులూ గాలిలోకి చాచాడు, ఆమె ఎక్కడుందో తెలియక. "లేదే. గట్లనకు. రైలెక్కింది. కిటికి కాడ కూసున్నది. నేను సూసిన, నా కండ్లతోని సూసిన" అన్నాడు.

"నేను గిప్పుడే సూసొచ్చిన గద" అంది అవ్వ. "నా కండ్లు నీ కండ్లు వేరేనా?"

లేచి, పీట గోడకు ఆనించి, బియ్యం కడగడానికి లోపలికి పోయింది.